భూమి అక్కర్లేని పంటకీ కలుపు ఉంది

ఆంధ్ర తీరంలో కూడా మహిళా సంఘాల చేత సముద్ర నాచు సాగు చేయిస్తామన్న ప్రకటనలు కొన్నేళ్ళుగా వింటున్నాం. ఈ పంటకి నీళ్ళు పెట్టక్కర్లేదు, ఎరువు వెయ్యక్కర్లేదు, పురుగుమందు కొట్టక్కర్లేదు, అన్నిటికీ మించి భూమి అక్కర్లేదు అంటున్నారు. ఆ చివరి మాట దగ్గర మనం ఆగిపోతాం. తరాలుగా సెంటు భూమి లేనివాళ్ళకి భూమి అక్కర్లేని పంట అంటే ఆశ పుట్టకుండా ఎలా ఉంటుంది?

ఆ ప్రకటనల్లో చెప్పనిది ఒకటుంది. ఈ పంటకీ కలుపు ఉంది. పొలంలో కలుపు వరి పక్కన మొలుస్తుంది. సముద్రంలో అది పంట మీదే మొలుస్తుంది. ఆ కలుపు కూడా నాచే. ఫిలిప్పీన్స్‌లో, మలేషియాలో, టాంజానియాకి చెందిన జాంజిబార్ దీవుల్లో ఈ కలుపు నాచు వేలమంది చేతిలో పంటను పాడు చేసింది. మన పక్కనే ఉన్న తమిళనాడు రామనాథపురం తీరానికీ ఇది కొత్త కాదు. అది ఎలా పనిచేస్తుంది, ఆ దెబ్బ చివరికి ఎవరి మీద పడుతుంది అన్న రెండు ప్రశ్నలు తీసుకుని ఈ వ్యాసం రాస్తున్నాం. మొదటి ప్రశ్న మీద శాస్త్రవేత్తలు బోలెడు రాశారు. రెండోదాని మీద మాకు దొరికింది తక్కువ.

ముందు పంట సంగతి. ఉష్ణమండల సముద్రాల్లో ఎక్కువగా పండించే నాచు పేరు కప్పాఫైకస్. ఎర్ర నాచుల జాతి. దీన్ని ఎండబెట్టి, శుద్ధి చేసి క్యారజీనన్ అనే జిగురు పదార్థం తీస్తారు. ఐస్‌క్రీం, చాక్లెట్ పాలు, టూత్‌పేస్టు, డబ్బాల్లో అమ్మే కుక్కల తిండి, వీటన్నిటినీ చిక్కగా పట్టి ఉంచేది అదే. 1970ల మొదట్లో ఫిలిప్పీన్స్‌లో దీని సాగు నిలదొక్కుకుంది. అక్కడి నుంచి ఇండోనేషియా, మలేషియా, జాంజిబార్‌లకు పాకింది. మన దేశంలో 1990లలో కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధనా సంస్థ దీని మీద ప్రయోగాలు చేసింది. 2000 తర్వాత పెప్సీకో కంపెనీ రామనాథపురం జిల్లా మండపం ప్రాంతంలో ఒప్పంద సాగు మొదలుపెట్టింది. 2008లో ఆ వ్యాపారం ఆక్వాగ్రి అనే కంపెనీ చేతికి వెళ్ళింది. పండించింది మాత్రం మొదటి నుంచీ తీరంలోని స్వయం సహాయక సంఘాలు. సంఘాల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు.

సాగు పద్ధతి చూడటానికి తేలిక. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పుతో వెదురు తెప్ప కడతారు. దానికి అడ్డంగా 20 తాళ్ళు కట్టి, ఆ తాళ్ళకి నాచు ముక్కలు కడతారు. ఒక తెప్పకి సుమారు 60 కిలోల పచ్చి నాచు విత్తనంగా కావాలి. 45 రోజుల్లో అది నాలుగింతలు, బాగుంటే అంతకు కాస్త ఎక్కువే పెరుగుతుంది. ఒక మనిషికి 45 తెప్పలు ఉంటే రోజుకో తెప్ప కోసి, ఆ రోజే దాన్ని మళ్ళీ నాటి నీళ్ళలోకి దింపుతారు. కోసింది ఎండబెడితే పది కిలోలకు ఒక కిలో మిగులుతుంది. డబ్బులు ఇచ్చేది ఆ ఎండు కిలోకే.

విత్తనం అన్నాం కానీ నిజానికి విత్తనాలు లేవు. పాత మొక్కని తుంచి కొత్తది కట్టడమే, చెరకు ముచ్చెలు నాటినట్టు. అలా దశాబ్దాలుగా తుంచి తుంచి నాటడంతో తీరాల వెంట ఉన్న పంటంతా దాదాపు ఒకే మొక్కకు నకలుగా తయారైంది. ఒకదానికి పట్టిన తెగులు అన్నిటికీ పడుతుంది. ఎంచుకోవడానికి గట్టి రకాలు లేవు. కలుపు సంగతికి వచ్చేముందు ఈ బలహీనత గుర్తుంచుకోవాలి.

కలుపు నాచులు ఒక రకం కావు. తాళ్ళకీ వెదురుకీ పట్టే పచ్చ నాచులున్నాయి. అల్వా అంటారు, పల్చటి పచ్చ ఆకులా, గొట్టాల్లా ఉంటాయి. జుట్టులా చుట్టుకునేవి ఉన్నాయి. లింగ్బియా అనే నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవుల బూజు ఉంది. ఇవన్నీ చేసేది ఒకటే. పంటకి చేరాల్సిన వెలుతురుకు అడ్డం పడతాయి, నీళ్ళలోని నత్రజని, భాస్వరం ముందే తాగేస్తాయి, కొమ్మల మీద బరువు పెంచుతాయి. అల వచ్చినప్పుడు బరువెక్కిన కొమ్మ విరిగి కొట్టుకుపోతుంది. తమిళంలో సముద్ర నాచుని ‘కడల్ పాసి’ అంటారు. మనకి పాచి అంటే రోజూ కడుక్కునేది, గీకి పారేసేది. ఇక్కడ పాచే పంట, పాచే కలుపు. ఏది ఏదో తేల్చేది కొనేవాడి తూకం.

వీటిలో అందరికంటే గడ్డుది నియోసైఫోనియా అనే సన్నటి ఎర్ర నాచు. పాత పత్రాల్లో పాలీసైఫోనియా అన్న పేరు కూడా కనిపిస్తుంది. మలేషియాలో సబా తీరం మీద 2006లో వచ్చిన ఒక పరిశోధన దీని పనితీరుని దశలవారీగా చూపించింది. మొదట పంట చర్మం మీద చిన్న నల్ల చుక్కలు కనిపిస్తాయి. కంటికి ఆనవు, ఆనినా ఎవరూ పట్టించుకోరు. మూడు నాలుగు వారాల్లో ఆ చుక్కల నుంచి వెంట్రుకల్లాంటి మొలకలు లేస్తాయి. చేత్తో తడిమితే చలికి రోమాలు నిక్కబొడుచుకున్న చర్మంలా గరుకుగా ఉంటుంది. అప్పటికి కలుపు వేరు పంట పైపొరల్లోకి దిగిపోయి ఉంటుంది. లాగితే పైది తెగుతుంది, లోపలిది ఉండిపోతుంది. చదరపు సెంటీమీటరు మీద ఇలాంటివి పదుల సంఖ్యలో ఉంటాయి. చివరికి కలుపు రాలిపోయిన చోట గుంట మిగులుతుంది. ఆ గుంటలోంచి బ్యాక్టీరియా లోపలికి పోతుంది. కొమ్మ మెత్తబడి, రంగు పోయి, తెల్లగా మారి తెగిపడుతుంది. కొమ్మలు ఇలా తెల్లబడి రాలిపోవడాన్ని ఫిలిప్పీన్స్ రైతులు ‘ఐస్-ఐస్’ అని పిలిచారు, ప్రపంచమంతా ఆ పేరే నిలిచింది. కలుపు లేకుండా కూడా ఐస్-ఐస్ రావచ్చు, వేడికో ఉప్పదనం మార్పుకో మొక్క డీలా పడితే చాలు. కలుపు పడితే దానికి దారి తెరిచి పెట్టినట్టవుతుంది.

సబాలో ఈ కలుపు ఏడాదికి రెండుసార్లు వచ్చేది, మార్చి నుంచి జూన్ దాకా ఒకసారి, సెప్టెంబరు నుంచి నవంబరు దాకా మరోసారి. నీటి వేడి, ఉప్పదనం ఉన్నట్టుండి మారే కాలాలవి. దాదాపు అదే రోజుల్లో ఫిలిప్పీన్స్‌లోని కలగ్వాస్ దీవి తోటల్లోనూ ఇదే జాతి కలుపు వ్యాపించినట్టు పరిశోధకులు నమోదు చేశారు.

ఇక ఎండబెట్టి అమ్మే దగ్గర మరో దెబ్బ. కలుపు పట్టిన పంటలోంచి తీసిన క్యారజీనన్‌కి గట్టిదనం, జిగురు తక్కువ. అంటే బతికి బయటపడిన పంటకి కూడా మంచి ధర రాదు.

లెక్క వేసి చూద్దాం

నష్టం ఎంత అనే దానికి ఒక చిన్న లెక్క వేశాం. ఇది ఎవరి పొలం నుంచో తెచ్చిన గణాంకం కాదు, పైన చెప్పిన సాగు కొలతలతోనే చేసింది. 60 కిలోలు నాటితే నాలుగింతలై 240 కిలోలు వచ్చిందనుకుందాం. అందులో 60 కిలోలు మళ్ళీ విత్తనానికి తీసి పెట్టాలి. మిగిలిన 180 కిలోలు ఎండితే 18 కిలోలు. ఇప్పుడు కలుపు పట్టి పంట నాలుగింతలకు బదులు రెండింతలే పెరిగింది. 120 కిలోలు. విత్తనం 60 మాత్రం తగ్గదు, తెప్ప అంతే ఉంది కాబట్టి. మిగిలింది 60, ఎండితే 6 కిలోలు. పెరుగుదల సగానికి తగ్గితే రాబడి మూడో వంతుకి పడిపోయింది. పంట అసలు పెరగకుండా నాటినంతే ఉంటే 45 రోజుల కష్టానికి చేతికి సున్నా. ఒక పత్రంలో ‘పెరుగుదల రేటు 50 శాతం తగ్గింది’ అన్న వాక్యం చదివినప్పుడు మనం దాన్ని సగం నష్టం అనుకుంటాం. తెప్ప కట్టినావిడకి అది మూడింట రెండు వంతుల నష్టం.

ఆ 6 కిలోల వెనక పని తగ్గలేదు, పెరిగింది. కలుపుని చేత్తో ఏరాలి. నడుం లోతు నీళ్ళలో నిలబడి తాళ్ళు దులపాలి. తాళ్ళకి పట్టిన బార్నకిల్ గుల్లలు చేతులు కోస్తాయి. లింగ్బియా జాతుల్లో కొన్ని ఒంటికి తగిలితే దురద, దద్దుర్లు వస్తాయి. జాంజిబార్ ఆడవాళ్ళు ఒంటి మంటలూ కళ్ళ మంటలూ చెప్పుకున్న సంగతి అక్కడి పరిశోధనల్లో ఉంది. కంపెనీ కిలోకి ఇచ్చే ధరలో ఈ కలుపు తీత కూలి ఎక్కడా లేదు. పొలంలో కలుపు తీతకి వెళ్తే సాయంత్రానికి కూలి అడగొచ్చు. సొంత తెప్ప మీద కలుపు తీస్తే అడిగేందుకు ఎదురుగా ఎవరూ ఉండరు. ఒప్పంద సాగులో కిటుకు అదే. ఆమెను కూలీ అనరు, రైతు అంటారు. రైతు అన్నాక నష్టం ఆమెదే.

లోతు ఎవరికి అందుతుంది

జాంజిబార్ కథ కాస్త వివరంగా చెప్పాలి. 1989లో ఉంగుజా దీవి తూర్పు తీరాన పాజే, జంబియాని ఊళ్ళ దగ్గర ఈ సాగు మొదలైంది. సాగు చేసేవాళ్ళలో ఎనభై శాతం దాకా ఆడవాళ్ళే. అమావాస్యకీ పౌర్ణమికీ పాటు బాగా తీసినప్పుడు నడిచి వెళ్ళగలిగేంత లోతులో మేకులు కొట్టి, తాడు కట్టి నాచు పెంచేవాళ్ళు. అక్కడ రెండు రకాలు పండేవి. కాటోనీ అని పిలిచే కప్పాఫైకస్, దానికి ధర ఎక్కువ. స్పైనోసం అనే మరో రకానికి ధర బాగా తక్కువ. 2000 తర్వాత లోతు తక్కువ నీళ్ళు వేడెక్కడం, కలుపు నాచు, ఐస్-ఐస్ అన్నీ కలిసి కాటోనీని దెబ్బతీశాయి. చాలా చోట్ల అది బతకడమే మానేసింది. ఆడవాళ్ళు చవక రకానికి మారాల్సి వచ్చింది. అదే పని, అవే నీళ్ళు, సంపాదన మాత్రం పడిపోయింది.

పరిష్కారం అక్కడి శాస్త్రవేత్తలకి తెలుసు. ఫ్లవర్ ఎమ్సూయా అనే పరిశోధకురాలు ఏళ్ళ తరబడి దీని మీదే ఆ ఊళ్ళ ఆడవాళ్ళతో కలిసి పనిచేశారు. లోతు నీళ్ళలో వేడి తక్కువ, ప్రవాహం ఎక్కువ, కలుపు అంత తొందరగా పట్టదు. అక్కడ కాటోనీ బతుకుతుంది. అయితే లోతుకు వెళ్ళాలంటే పడవ కావాలి, ఈత రావాలి. ఆ ఊళ్ళలో ఆడవాళ్ళకి చాలామందికి రెండూ లేవు.

కలుపు నాచు అందరి మీదా ఒకేలా పడదు అని మేము అంటున్నది దీని గురించే. సముద్రానికి కులం లేదు, లింగం లేదు అని ఎవరైనా అనొచ్చు. సముద్రానికి లేకపోవచ్చు, లోతుకి ఉంది. ఒడ్డు దగ్గరి లోతులేని, కదలని, తొందరగా వేడెక్కే నీళ్ళు ఎవరికి మిగులుతాయో వాళ్ళకే కలుపు మిగులుతుంది. కాలువ చివరి భూములు, చౌడు భూములు, మునక భూములు ఎవరి పేర పట్టా అయ్యాయో తెలిసిన మనకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

రామనాథపురానికి వస్తే, అక్కడ ఎండు నాచు దిగుబడి 2012-13 నాటికి సుమారు 1,500 టన్నులకి చేరింది. ఆ తర్వాత వేసవుల్లో నీళ్ళు వేడెక్కి పంట మూకుమ్మడిగా చచ్చిపోయింది. ఉత్పత్తి ఒక్కసారిగా కూలింది. వేడి, ఐస్-ఐస్, కలుపు నాచుల్లో ఒక్కదాన్నే దోషిగా నిలబెట్టలేం, ఒకటి ఇంకోదానికి తోవ చేస్తుంది.

ఆ తీరంలో సాగు చేసేవాళ్ళంతా ఒకే కులం కాదు. చేపలవేట మీద, శంఖాలు ఏరడం మీద, అడవి నాచు ఏరడం మీద బతికే రకరకాల సముదాయాలున్నాయి. వాళ్ళలో కడైయర్లు షెడ్యూల్డ్ కులం. 2021లో ఏడు కులాల్ని దేవేంద్రకుల వేళాలర్ అనే ఒకే పేరు కిందికి తెచ్చినప్పుడు తీరప్రాంత కడైయన్లని ఆ పేరులో కలపకుండా జాబితాలో విడిగా ఉంచారు. సముద్రం మీద బతికే దళితులు ఉన్నారన్న సంగతి చట్టం పుస్తకంలో అలా నమోదై ఉంది. కానీ ఈ కలుపు గురించి మేము చదివిన పత్రాల్లో నీటి వేడి ఉంది, ఉప్పదనం ఉంది, చదరపు సెంటీమీటరుకి మొలకలెన్నో ఉంది. ఆ తెప్ప ఎవరిది, పంట పోయాక ఆ ఇల్లు ఏం చేసింది అన్నది లేదు.

ఇంకో తిరకాసు కూడా చెప్పాలి. కప్పాఫైకస్ ఈ సముద్రపు మొక్క కాదు, బయటి నుంచి తెచ్చింది. మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర అది సాగు దాటి బయటపడి పగడపు దిబ్బల మీద పాకిందని 2008లో పరిశోధకులు రాశారు. పగడానికి మన పంటే కలుపు. 21 దీవులున్న ఆ సముద్ర జాతీయ పార్కును 1986లో ప్రకటించాక, అంతకుముందు దీవుల దగ్గర నాచు ఏరుకున్న ఆడవాళ్ళ మీద ఆంక్షలు వచ్చాయి. చేత్తో ఏరుకునేవాళ్ళు అక్కడ నేరస్థులయ్యారు. మొక్కని తెచ్చినవాళ్ళ మీద కేసు పెట్టినట్టు మేమెక్కడా చదవలేదు.

మందులున్నాయి, ఖర్చెవరిది

కలుపుకి మందు లేకపోలేదు. పరిశోధకులు చెప్పే ఉపాయాలు చాలావరకు పనిచేస్తాయి. కలుపు కాలం రాకముందే తొందరగా కోసేయమంటారు. కానీ లేత పంటలో సరుకు నాణ్యత తక్కువ, ధర తగ్గుతుంది. కలుపు పట్టిన ముక్కల్ని మళ్ళీ నాటొద్దు, శుభ్రమైన విత్తనం తెచ్చుకోమంటారు. తెప్పకి 60 కిలోలు కొనాలి. కొన్నాళ్ళు సాగు ఆపి తాళ్ళు ఎండగట్టమంటారు. ఆ కొన్నాళ్ళు ఇంట్లో పొయ్యి ఆపలేం. నాటేముందు ముక్కల్ని గోధుమ రంగు నాచు సారంలో ముంచితే కలుపు తగ్గుతుందని ఫిలిప్పీన్స్ ప్రయోగాల్లో తేలింది. ఆ సారాన్ని కొనాలి. లోతుకి వెళ్ళమంటారు, దాని సంగతి పైన చూశాం. ఇందులో తప్పు సలహా ఒక్కటి కూడా లేదు. ప్రతి సలహాకీ ఒక ఖర్చుంది, ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో సలహాలో లేదు.

ఇప్పుడు ప్రభుత్వ డబ్బు వైపు చూద్దాం. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సముద్ర నాచుకి 640 కోట్ల రూపాయలు కేటాయించామన్నారు. ఏడాదికి 11 లక్షల టన్నులు దాటాలన్నది లక్ష్యం. రామనాథపురం జిల్లా వలమావూరులో 127 కోట్లతో సీవీడ్ పార్కుకి శంకుస్థాపన జరిగింది. ఆ పథకం కింద ఒక తెప్పకి యూనిట్ ఖర్చు 1,500 రూపాయలు. సబ్సిడీ జనరల్ వాళ్ళకి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకి 60 శాతం. 45 తెప్పలకి 67,500 అయితే మహిళా రైతు తన వాటాగా 27,000 తెచ్చుకోవాలి. అది చాలావరకు సంఘం అప్పే అవుతుంది. కలుపు వచ్చి మొదటి పంట పోతే అప్పు మిగులుతుంది, తెప్పలు మిగులుతాయి, వాటికి కట్టడానికి విత్తనం మిగలదు.

ఆ 60 శాతం గడిలో ఎస్సీ, ఎస్టీ, మహిళలు ముగ్గురూ ఒకేచోట ఉన్నారు. ‘60 శాతం సబ్సిడీ పొందినవారు ఇంతమంది’ అని ఒక అంకె ఇస్తే, అందులో దళిత మహిళ ఒక్కరైనా ఉన్నారో లేదో చెప్పలేం. సమాచార హక్కు దరఖాస్తు పెట్టే విద్యార్థులు ఈ అంకెని విడదీసి అడగాలి.

ఆంధ్ర తీరానికి ఇవన్నీ ఎందుకు వర్తిస్తాయంటే, ఇక్కడ పరిస్థితులు మండపం కంటే తేలికవేమీ కావు. గోదావరి, కృష్ణ వరద దిగినప్పుడు తీరం నీళ్ళలో ఉప్పు తగ్గుతుంది, కప్పాఫైకస్‌కి అది గిట్టదు. కలుపుకి అదను అలాంటప్పుడే. అలల తాకిడి ఎక్కువ, తుపాన్లు సరేసరి. మరో సంగతి, దేశంలో రొయ్యలు ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. చెరువుల నుంచి వదిలే నీళ్ళలో మేత అవశేషాలు, నత్రజని, భాస్వరం నిండుగా ఉంటాయి. ఆ నీళ్ళు దిగే కాలువల మొగల దగ్గర తెప్పలు వేస్తే పచ్చ నాచుకి మనమే మేత పెట్టినట్టు. చెరువు ఒకరిది, ఆ మురుగులో తెప్ప ఇంకొకరిది అవుతుంది.

రొయ్యల సాగు కూడా మొదట్లో ఇలాంటి ఆశే చూపించింది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి ఆంధ్ర తీరంలో చెరువులు ఖాళీ అయ్యాయి. అప్పటికే పక్క పొలాలు ఉప్పెక్కి, తాగునీళ్ళు చెడి, వ్యవసాయ కూలీలకి పని పోయింది. తంజావూరు వైపు భూమిలేని దళితుల మధ్య పనిచేసిన ఎస్. జగన్నాథన్ వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో తీర ప్రాంత రొయ్యల చెరువుల మీద తీర్పిచ్చింది. తీర్పు వచ్చేనాటికి నష్టపోయినవాళ్ళు నష్టపోయే ఉన్నారు.

ఈసారి తెప్పలు దిగకముందే అడగొచ్చు. మీ మండలంలో సంఘం వాళ్ళ చేత ఒప్పంద కాగితం మీద సంతకం పెట్టిస్తుంటే ముందు దాన్ని చదివి వినిపించండి. కలుపు పట్టి పంట పోతే మలివిడత విత్తనం ఎవరిస్తారు? కలుపు ఏరిన రోజులకి కూలి లెక్క ఉందా? కలుపు కాలంలో సాగు ఆపిన నెలలకి భృతి ఇస్తారా? తూకంలో కలుపు పేరుతో కోసేది ఎంత, దాన్ని నిర్ణయించేది ఎవరు? లోతు నీళ్ళలోకి వెళ్ళడానికి పడవ ఇస్తే అది ఎవరి పేరు మీద ఉంటుంది? తెప్పలు ఎక్కడ వేయాలో తేల్చేముందు కనీసం ఒక ఏడాది పొడుగునా ఆ నీళ్ళ వేడి, ఉప్పదనం, కలుపు కొలిచారా? కొలిస్తే ఆ కాగితం తెలుగులో ఇవ్వమనండి.